‘కేవలం కాగితమే’ అనుకునే ముందు...
నివాస హక్కు కోసం సివిల్ పార్టనర్‌షిప్: షరీఅత్ దృష్టిలో

కర్నూలు జిల్లా నుండి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. సారాంశం ఇది:

“రెండేళ్ళ క్రితం నాకు నికాహ్ జరిగింది. రుఖ్సతీ ఇంకా కాలేదు. మేమిద్దరం ఏకాంతంగా కలుసుకున్నదీ లేదు. నికాహ్ అయిన పది రోజులకే ఆయన చదువు కోసం ఇంగ్లాండు వెళ్ళారు. చదువు ముగిసింది. తగిన ఉద్యోగం దొరకలేదు. వీసా గడువు దగ్గరపడింది. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అలాగే ఉంది. అక్కడి ఏజెంటు ఒకతను, ఆ దేశ పౌరురాలైన ఒకామెతో ‘సివిల్ పార్టనర్‌షిప్’ రిజిస్టరు చేయిస్తానని, దాంతో అక్కడే ఉండే హక్కు వస్తుందని చెప్పాడట. అది పెళ్ళి కాదు, నికాహ్ అంతకన్నా కాదు, కేవలం కాగితమే అంటున్నారు. ఆయన పాస్‌పోర్టులో భార్యగా నా పేరుంది కాబట్టి పేరుకు ఒక తలాఖ్‌నామా రాసి పంపిస్తారట, నేను దాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట. ‘అయిదేళ్ళు ఓపిక పట్టు తల్లీ, తర్వాత నిన్నూ తీసుకెళతాడు’ అంటున్నారు మామగారు. కాదంటే కొడుకు భవిష్యత్తు పాడుచేసిన కోడలినవుతాను. ఆ రిజిస్ట్రేషన్ నికాహ్ అవుతుందా? పేరుకు రాసిన తలాఖ్ నిజంగా పడుతుందా? నేను ఒప్పుకుంటే నాకూ పాపమా?”

ఇది ఆమె ఒక్కరి సమస్య కాదు. పిల్లల్ని విదేశాలకు పంపిన మన ఇళ్ళలో ఇలాంటి మాటలు గుసగుసగా వినిపిస్తూనే ఉన్నాయి. అందుకే ఈ నెల పాఠాన్ని ఆమె అడిగిన ప్రశ్నల క్రమంలోనే నేర్చుకుందాం.

అసలు ఏమిటీ సివిల్ పార్టనర్‌షిప్?

పెళ్ళి అనే పేరు లేకుండా ఇద్దరు వ్యక్తుల సహజీవనానికి చట్టం ఇచ్చే గుర్తింపు ఇది. నెదర్లాండ్స్‌లో 1998లో, ఫ్రాన్స్‌లో 1999లో ఇలాంటి చట్టాలు వచ్చాయి. బ్రిటన్ 2004లో చట్టం చేసి 2005 డిసెంబరు నుండి అమలుచేసింది. అప్పుడది ఒకే లింగానికి చెందినవారి కోసమే. 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఇంగ్లాండు, వేల్స్‌లలో 2019 డిసెంబరు 31 నుండి స్త్రీపురుషులకు కూడా వర్తింపజేశారు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఇద్దరూ రిజిస్ట్రారు కార్యాలయంలో నోటీసు ఇవ్వాలి. తమకు వేరే వివాహబంధం గానీ, చట్టపరమైన మరే ఆటంకం గానీ లేదని ప్రకటించాలి. 28 రోజులు గడవాలి. విదేశీయుల విషయంలో అనుమానం కలిగితే ఆ గడువును 70 రోజులకు పెంచి విచారణ జరిపే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ తర్వాత రిజిస్ట్రారు ఎదుట, ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు చేయాలి. మాటలేవీ పలకనక్కరలేదు, సంతకంతోనే బంధం ఏర్పడుతుంది.

ఇక ‘కేవలం కాగితమే’ అన్న మాట సంగతి చూద్దాం. ఆ కాగితం ప్రకారం ఇద్దరికీ భార్యాభర్తలతో సమానంగా వారసత్వం, పింఛను, భరణం హక్కులు వస్తాయి. తెంచుకోవాలంటే కోర్టుకు వెళ్ళాల్సిందే, అదీ ఏడాది నిండకముందు దరఖాస్తు చేయడానికి వీల్లేదు. రాసిన చట్టమే దాన్ని ఉత్త కాగితంగా చూడటం లేదు. మధ్యలో డబ్బు తీసుకునే ఏజెంటు మాత్రమే అలా అంటున్నాడు.

నివాస హక్కు కూడా సంతకంతో చేతికి రాదు. ఆ బంధం నిజమైనదని, ఇద్దరూ కలిసి కాపురం చేస్తున్నారని రుజువులు చూపాలి. 2024 ఏప్రిల్ నుండి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలన్న నిబంధన కూడా ఉంది. మొదట దాదాపు రెండున్నరేళ్ళు, మళ్ళీ రెండున్నరేళ్ళు, ఇలా అయిదేళ్ళు గడిచాకే శాశ్వత నివాసానికి దరఖాస్తు. అంటే ఒకరోజు చెప్పే అబద్ధం కాదిది. అయిదేళ్ళపాటు ప్రతిరోజూ బ్రతకవలసిన అబద్ధం.

మొదటి ప్రశ్న: ఇది నికాహ్ అవుతుందా?

కాదు. నికాహ్‌కు ఈజాబ్, ఖబూల్ కావాలి. వాటిని వినే ముస్లిం సాక్షులు కావాలి. మహర్ బాధ్యత ఉండాలి. రిజిస్ట్రారు ముందు మౌనంగా చేసిన సంతకంలో ఇవేవీ లేవు. కనుక ఆ స్త్రీ ఆ యువకుడికి గైర్ మహ్రమ్‌గానే ఉంటుంది.

ఇక్కడే ఈ పథకం రెండువైపులా ఉచ్చు బిగిస్తుంది. ప్రభుత్వానికి చూపడం కోసం ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే అది నికాహ్ లేని సహజీవనం, వ్యభిచారానికి తెరిచిన తలుపు. విడివిడిగా ఉంటూ కలిసి ఉంటున్నామని చెబితే అది అబద్ధపు సాక్ష్యం. కాగితాన్ని నిజం చేస్తే ఒక పాపం, అబద్ధంగా ఉంచితే మరో పాపం. మధ్యలో హలాల్ దారి లేదు.

‘అయితే ఆమెతో నికాహ్ కూడా చేసుకుంటే సరిపోతుంది కదా’ అని కొందరు అడుగుతారు. అయిదేళ్ళ కోసం అని ఇద్దరూ మాట్లాడుకుని చేసుకుంటే అది గడువు పెట్టిన నికాహ్. నాలుగు మజ్‌హబ్‌ల ఉలమాల దృష్టిలోనూ అది చెల్లదు. గడువు చెప్పకుండా, వదిలేయాలన్న ఆలోచన మనసులోనే దాచుకుంటే ఏమిటి? బాహ్య షరతులన్నీ నెరవేరితే ఒప్పందం వరకు చెల్లుతుందని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అన్నారు. ఇమామ్ ఔజాయీ (రహ్మ) అదీ చెల్లదన్నారు. చెల్లుబాటు విషయంలో భేదాభిప్రాయం ఉన్నా, ఎదుటి స్త్రీని మోసగించడం నిషిద్ధమన్న విషయంలో భేదాభిప్రాయానికి తావు లేదు. ఆమె మన మతస్థురాలు కాకపోయినా సరే, మోసం మోసమే. అదీగాక, భార్య ఉండగా ఇంకొకరితో రిజిస్టరు చేసుకోవడానికి ఆ దేశ చట్టం ఒప్పుకోదు.

దివ్య ఖుర్ఆన్ వివాహాన్ని స్త్రీలు మీ నుండి తీసుకున్న గట్టి వాగ్దానంగా అభివర్ణించింది (అన్ నిసా: 21). అలాంటి వాగ్దానం రూపాన్ని వీసా సంపాదించే పనిముట్టుగా మార్చుకోవడం విశ్వాసికి తగునా?

వీసా కూడా ఒక ఒప్పందమే

‘అది ముస్లిం ప్రభుత్వం కాదు కదా, వాళ్ళకు నిజం చెప్పాల్సిన పనేముంది’ అనే మాట కూడా మన కూర్చునే చోట్ల వినిపిస్తుంది. ఈ అపోహను మొదట తొలగించుకోవాలి.

ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ విశ్వాసులను ఆజ్ఞాపించాడు (అల్ మాయిద: 1). వాగ్దానం గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించాడు (బనీ ఇస్రాయీల్: 34). ఎదుటివాడు ముస్లిం అయితేనే అని ఎక్కడా షరతు పెట్టలేదు.

బద్ర్ యుద్ధానికి ముందు హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనా వస్తుండగా ఖురైషీలు పట్టుకున్నారు. దైవప్రవక్త (స) పక్షాన యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకుని వదిలారు. ఇద్దరూ వచ్చి జరిగింది విన్నవించారు. ముస్లింలకు ఒక్కొక్క మనిషీ అవసరమైన సమయం అది. అయినా ఇచ్చిన మాట నిలబెట్టుకోమని చెప్పి, సహాయం అల్లాహ్‌నే అర్థిస్తామని దైవప్రవక్త (స) వారిని యుద్ధానికి దూరంగా ఉంచారు (ముస్లిం). ప్రాణాలు తీయడానికి వస్తున్న శత్రువుకు బలవంతాన ఇచ్చిన మాటకే అంత విలువ ఉంటే, చదువు చెప్పి ఆశ్రయమిచ్చిన దేశానికి మనంతట మనం రాసిచ్చిన మాటకు ఎంత విలువ ఉండాలి?

హనఫీ ధర్మవేత్తలు ఈ విషయాన్ని ఇంకా లోతుగా చర్చించారు. కొందరు ముస్లింలు రాయబారులమని చెప్పి, నకిలీ లేఖ చూపి పరాయి దేశంలో ప్రవేశించారనుకుందాం. అక్కడివారు దాన్ని నమ్మి అభయమిచ్చారు. లేఖ అబద్ధమే అయినా, ఆ అభయానికి వీరు కట్టుబడి ఉండాల్సిందే, అక్కడ ఉన్నంతకాలం ఎవరి ప్రాణానికీ ధనానికీ హాని చేయరాదు అని ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మ) స్పష్టం చేశారు. నేటి వీసా ఆ అభయపత్రం లాంటిదే. దాన్ని అడ్డుపెట్టుకుని మోసగించడం నమ్మకద్రోహం.

మహాపాపాలను వివరిస్తూ దైవప్రవక్త (స) బహుదైవారాధనను, తల్లిదండ్రుల పట్ల అవిధేయతను పేర్కొన్నారు. అప్పటిదాకా ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చుని, అబద్ధపు సాక్ష్యాన్ని గురించి పదేపదే హెచ్చరించారు. ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతవరకు చెబుతూనే ఉన్నారు (బుఖారీ, ముస్లిం). ఈ పథకంలో దరఖాస్తుదారుడు, భాగస్వామిగా నటించే స్త్రీ, సాక్షులు, ఏజెంటు అందరూ ఆ హెచ్చరిక పరిధిలోకి వస్తారు. అలాంటి సాక్ష్యం కోసం ఇచ్చే సొమ్ము, పుచ్చుకునే సొమ్ము రెండూ అధర్మమే.

ఇహలోకంలో నష్టం కూడా తక్కువేమీ కాదు. తప్పుడు ప్రకటన ఇచ్చినవారికి బ్రిటన్ చట్టం ఏడేళ్ళ వరకు జైలుశిక్ష విధించగలదు. మోసపూరిత దరఖాస్తు బయటపడితే పదేళ్ళపాటు ఆ దేశంలో అడుగుపెట్టకుండా నిషేధం పడవచ్చు. ఎన్నో ఏళ్ళ తర్వాత పౌరసత్వం వచ్చాక తెలిసినా, మోసంతో పొందిన పౌరసత్వాన్ని రద్దుచేసే అధికారం ఉంది. దొరికేది చట్టం చేతికే అన్న భయం కన్నా అల్లాహ్ చూస్తున్నాడన్న భయం విశ్వాసికి ఎక్కువ ఉండాలి. రెండూ లేని ధైర్యం మాత్రం తెలివి కాదు.

రెండవ ప్రశ్న: పేరుకు రాసిన తలాఖ్

సోదరీ, అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది. నికాహ్, తలాఖ్, రజ్అత్ (తలాఖ్ తర్వాత భార్యను తిరిగి స్వీకరించడం) - ఈ మూడూ గంభీరంగా చేసినా, హాస్యానికి చేసినా గంభీరమైనవే అవుతాయని దైవప్రవక్త (స) తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ). తలాఖ్ నియమాలు చెబుతున్న సందర్భంలోనే అల్లాహ్ తన ఆయతులను వేళాకోళం చేయవద్దని హెచ్చరించాడు (అల్ బఖర: 231). ‘పేరుకు మాత్రమే’ అని పక్కన గొణుక్కుంటే తలాఖ్ ఆగిపోదు. భార్యను ఉద్దేశించి స్పష్టమైన మాటలతో రాసి, సంతకం చేసి పంపిన తలాఖ్‌నామా నోటితో చెప్పినదానితో సమానమని ఫుఖహాలు అన్నారు.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. రుఖ్సతీ కాలేదు, ఏకాంతంగా కలవలేదు అని రాశారు. ఇలాంటి స్థితిలో ఒక్క తలాఖ్‌తోనే బంధం పూర్తిగా తెగిపోతుంది. ఇద్దత్ ఉండదు (అల్ అహ్‌జాబ్: 49). ఇద్దత్ లేదు కనుక, ఆ గడువులో భర్త రుజూ చేసుకునే అవకాశం కూడా ఉండదు. మహర్ నిర్ణయించి ఉంటే అందులో సగం మీకు చెల్లించాలి (అల్ బఖర: 237). తిరిగి కలవాలంటే మీ సమ్మతితో, కొత్త మహర్‌తో, సాక్షుల ముందు మళ్ళీ నికాహ్ జరగాలి. అంటే మీ మామగారు ‘తర్వాత తీసుకెళతాడు’ అంటున్న రోజు వచ్చేనాటికి మీరు ఆ యువకుడికి పరాయి స్త్రీ. ఈ మధ్యకాలంలో తెలియక కాపురానికి వెళితే పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

ఆ కాగితంలో ఒకేసారి మూడు తలాఖ్‌లు రాస్తే సమస్య మరింత జటిలం. మన దేశంలో 2019లో వచ్చిన చట్టం ప్రకారం అలాంటి తక్షణ తలాఖ్, రాతపూర్వకమైనదైనా సరే, చెల్లదు. పైగా రాసిన భర్తకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఒకవేళ తలాఖ్ రాయకుండా దరఖాస్తులో ‘అవివాహితుణ్ణి’ అని మాత్రమే రాస్తే? దానివల్ల తలాఖ్ పడిందా లేదా అనేది రాసిన మాటలను, అతని ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. అలా ఇప్పటికే రాసినవారు ఆ కాగితం నకలు తీసుకుని దగ్గరలోని ముఫ్తీ సాహెబును స్వయంగా అడగాలి. కానీ ఒకటి గమనించండి. అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకుని స్వీకరించిన భార్యను ‘లేదు’ అని రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది?

ఇంకో మాట. ఆ యువకుడికి మేలే జరగాలని దుఆ చేద్దాం. అయినా చావు చెప్పి రాదు. రేపు ఏ రోడ్డు ప్రమాదంలోనో అతను మరణిస్తే, ఆ దేశపు కాగితాల్లో వారసురాలిగా నిలిచేది డబ్బు తీసుకుని సంతకం చేసిన స్త్రీ. ఖుర్ఆన్ వాటా నిర్ణయించిన తల్లి, తండ్రి, భార్య ఇక్కడ కర్నూలు జిల్లాలో ఏడుస్తూ ఉంటారు.

మూడవ ప్రశ్న: ఒప్పుకుంటే నాకూ పాపమా?

తెలిసి సహకరిస్తే పాపంలో భాగస్వామ్యం ఉంటుంది. పాపకార్యాల్లో సహకరించుకోవద్దని అల్లాహ్ ఆదేశం (అల్ మాయిద: 2). అత్తమామలను గౌరవించాలి, సేవ చేయాలి, మృదువుగా మాట్లాడాలి. అయితే విధేయత మంచి విషయాల్లోనే అని దైవప్రవక్త (స) తేల్చిచెప్పారు (బుఖారీ, ముస్లిం). స్వయంగా మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన నిలబడమంటుంది ఖుర్ఆన్ (అన్ నిసా: 135).

కనుక సంతకం పెట్టకండి. ‘మామగారూ, మీ అబ్బాయి బాగుండాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఈ కాగితంతో మా నికాహే పోతుంది’ అని మర్యాదగా చెప్పండి. ఒంటరిగా చెప్పలేకపోతే మీ తండ్రిగారిని, నికాహ్ చదివించిన ఖాజీ సాహెబును కూర్చోబెట్టి చెప్పించండి. భర్తతో మీరే ఫోనులో మాట్లాడండి. నిజానికి మీరు అతని భవిష్యత్తును పాడుచేయడం లేదు. దాన్ని కాపాడగలిగిన చివరి మనిషి మీరే కావచ్చు.

నిజమైన దంపతుల సంగతి వేరు

ఇదంతా విని, విదేశంలో రిజిస్ట్రేషనే పాపమని ఎవరూ అనుకోవద్దు. సంగతి అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇంగ్లాండులో ఇంట్లో గానీ, వివాహాల నమోదుకు అనుమతి లేని మస్జిదులో గానీ చేసుకున్న నికాహ్‌ను అక్కడి చట్టం వివాహంగా గుర్తించదు. 2020 ఫిబ్రవరిలో అక్కడి అప్పీలు కోర్టు ఈ విషయాన్నే మరోసారి నిర్ధారించింది. దీనివల్ల భర్త వదిలేసినప్పుడు ఎందరో ముస్లిం స్త్రీలు హక్కులేవీ లేక దిక్కుతోచని స్థితిలో పడుతున్నారు. కాబట్టి నిజంగా కాపురం చేసే దంపతులు నికాహ్‌తో పాటు చట్టబద్ధంగా నమోదు చేయించుకోవడం మంచిది, స్త్రీ హక్కులకు రక్షణ కూడా. ఆ నమోదు ఆధారంగా భార్య గానీ భర్త గానీ నివాస హక్కు కోరడంలో దోషం లేదు. అందులో చెప్పే ప్రతి మాటా నిజమే కదా.

అయితే మూడు జాగ్రత్తలు. మొదటిది, నికాహ్ ముందు జరగాలి, కాపురం దాని తర్వాతే. రెండవది, వివాహంగా నమోదు చేసుకునే వీలున్నప్పుడు సివిల్ పార్టనర్‌షిప్‌ను ఎంచుకోకపోవడమే మేలు. మన దేశ చట్టంలో అలాంటి బంధం లేదు, ఇక్కడి కాగితాల్లో చిక్కులు రావచ్చు. ఇండియాలో జరిగిన నికాహ్‌కు సరైన ధృవపత్రం ఉంటే మళ్ళీ అక్కడ రిజిస్టరు చేసుకోవలసిన అవసరమే సాధారణంగా ఉండదు. మూడవది, షరీఅత్ ప్రకారం ఆస్తి పంపిణీ జరిగేలా అక్కడ వీలునామా రాసిపెట్టుకోవాలి.

ఇప్పటికే చిక్కుకున్నవారు

నిరాశ చెందకండి. తౌబా ద్వారం తెరిచే ఉంది. చేసినదానికి పశ్చాత్తాపపడాలి, వెంటనే మానుకోవాలి, మళ్ళీ చేయబోనని నిర్ణయించుకోవాలి, ఎవరి హక్కు కాజేసినా తిరిగి ఇవ్వాలి. పరాయి స్త్రీతో ఒకే ఇంట్లో ఉంటుంటే ఈ రోజే వేరుపడాలి. కొత్తగా ఏ దరఖాస్తులోనూ అబద్ధం చేర్చకూడదు. ఏజెంటును కాదు, గుర్తింపు పొందిన న్యాయవాదిని కలిసి ఆ బంధాన్ని చట్టప్రకారం రద్దు చేయించుకునే దారి తెలుసుకోవాలి.

ఇళ్ళలోని పెద్దలకు ఒక మాట

ఆ కుర్రవాణ్ణి ఇంతదూరం తెచ్చింది ఏమిటి? అప్పు, దానికన్నా మించి ‘తిరిగొస్తే నలుగురూ ఏమంటారు’ అన్న భయం. కొడుకు వీసా ముగిసి ఇంటికి రావడం పరువుతక్కువ అని మనమే నూరిపోశాం. అప్పు నిజమైన బరువే. కానీ దానికి షరీఅత్ దారులు చూపింది. అప్పులవాడికి గడువు ఇవ్వమని చెప్పింది (అల్ బఖర: 280). జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులను చేర్చింది (అత్ తౌబా: 60). బంధువులు కూర్చుని, ఎవరెంత సాయం చేయగలరో, దేన్ని అమ్మవచ్చో, ఇక్కడో గల్ఫ్‌లోనో ధర్మబద్ధమైన కొలువు ఏదుందో ఆలోచించాలి. అప్పు ఉన్నంత మాత్రాన హరామ్ హలాల్ కాదు. ప్రాణాపాయం లాంటి నిర్బంధ స్థితి వేరు, నివాస హక్కు కోరిక వేరు.

వలస మనకు కొత్త కాదు. దైవప్రవక్త (స) మక్కాను వీడిన రాత్రి ఇంటి చుట్టూ హంతకులు పొంచి ఉన్నారు. ఆ రాత్రి కూడా, ఆ ఊరివారు తన దగ్గర దాచుకున్న సొమ్ములను ఎవరివి వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. ప్రాణం మీదికి వచ్చిన వలసలోనూ నమ్మకద్రోహానికి చోటివ్వలేదు. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్న ప్రసిద్ధ హదీసులో, స్త్రీని వివాహమాడటం కోసం వలస వెళ్ళేవాని ప్రస్తావన ఉంది. మన కాలంలో అది తలక్రిందులై, వలస కోసం వివాహమాడేవాళ్ళు బయలుదేరారు!

గుర్తుంచుకోవలసినవి

1. నివాస హక్కు కోసం బూటకపు వివాహం గానీ, సివిల్ పార్టనర్‌షిప్ గానీ రిజిస్టరు చేయించుకోవడం అధర్మం.
2. అలాంటి రిజిస్ట్రేషన్ నికాహ్ కాదు. దాని ఆధారంగా కాపురం హలాల్ కాదు.
3. ‘పేరుకు’ తలాఖ్ అంటూ ఏదీ లేదు. రుఖ్సతీకి ముందు ఒక్క తలాఖ్‌తోనే బంధం తెగుతుంది.
4. ముస్లిమేతర దేశానికి ఇచ్చిన మాట కూడా మాటే.
5. నిజమైన దంపతులు తమ వివాహాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించుకోవాలి.

తనకు భయపడేవానికి అల్లాహ్ దారి చూపిస్తాడని, ఊహించని చోటునుండి ఉపాధి ఇస్తాడని ఖుర్ఆన్ వాగ్దానం చేస్తోంది. ఆ వాగ్దానం ఉన్నది ఏ సూరాలోనో గమనించారా? తలాఖ్ సూరాలో (2, 3 ఆయతులు). కాపురాలు తెగుతాయేమో, బ్రతుకుతెరువు ఏమవుతుందో అన్న ఆందోళన మధ్యనే ఆ ఊరట వచ్చింది. ఉత్తరం రాసిన సోదరి ఆ రెండు ఆయతులను అర్థంతో సహా ఒకసారి చదివి, ఫోనులో భర్తకు కూడా వినిపించాలని మా మనవి.

అల్లాహ్ ఆ దంపతుల బంధాన్ని కాపాడుగాక! అప్పుల బరువు మోస్తున్న మన బిడ్డలందరికీ హలాల్ ఉపాధి ప్రసాదించుగాక! ఆమీన్.